పంటి ఎక్స్‌రే: అవసరమైనంతే తీయించుకోవడం ఎలా?

దంతవైద్యంలో ఎక్స్‌రేల గురించి పాఠకులు పంపిన ఉత్తరాలలో కొన్నింటికి నోటి రేడియాలజీ నిపుణులు ఇస్తున్న సమాధానాలు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. పిప్పి పన్ను నొప్పి అంటే ఇంటి దగ్గర క్లినిక్‌లో మూడు ఎక్స్‌రేలు తీశారు. అక్కడ చెప్పిన ఖర్చు ఎక్కువనిపించి మరో డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే, పాతవి చూడకుండానే మళ్లీ రెండు తీసి, పైగా ఓపీజీ తీయించుకు రమ్మన్నారు. ఒక్క నెలలో ఇన్ని తీస్తే పిల్లవాడికి ప్రమాదమా? ఏడాదికి ఎన్ని వరకు ఫరవాలేదు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా మీ భయం తగ్గడానికి లెక్క చెబుతాను. మనం ఎక్కడా ఎక్స్‌రే తీయించుకోకపోయినా నేల నుంచి, ఇంటి గోడల నుంచి, గాలిలోని రేడాన్ వాయువు నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి కొంత రేడియేషన్ మన శరీరానికి తగులుతూనే ఉంటుంది. ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు, అంటే రోజుకు దాదాపు 6 లేక 7 మైక్రోసీవర్ట్‌లు. ఒక మిల్లీసీవర్ట్‌కు వెయ్యి మైక్రోసీవర్ట్‌లు. నోట్లో సెన్సర్ పెట్టి తీసే చిన్న ఎక్స్‌రేకు, అంటే క్లినిక్‌లో ఆర్‌వీజీ అని పిలిచేదానికి, పద్ధతిని బట్టి రెండు మొదలుకొని పది మైక్రోసీవర్ట్‌ల వరకు పడుతుంది. దవడలు మొత్తం ఒకే పటంలో కనిపించే ఓపీజీకి సుమారు 15 నుంచి 25. మీ అబ్బాయికి తీసినవి డిజిటల్ ఎక్స్‌రేలే అయితే, ఆ ఐదూ ఓపీజీతో కలిపినా రెండు వారాల సహజ రేడియేషన్‌కు మించవు. కేరళలో కరునాగపల్లి తీరాన మోనజైట్ ఇసుక వల్ల సహజ రేడియేషన్ సగటుకు ఎన్నో రెట్లు ఉన్న ఇళ్లలో తరతరాలుగా కాపురముంటున్న వేలాది మందిని ఏళ్ల తరబడి పరిశీలించినా వారిలో క్యాన్సర్లు అధికంగా ఉన్నట్టు తేలలేదు. కాబట్టి జరిగినదాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

ఇక ఏడాదికి ఎన్ని అన్న ప్రశ్న. రోగికి అలాంటి సంఖ్య ఏ దేశపు చట్టంలోనూ లేదు. ఎక్స్‌రే గదుల్లో పనిచేసేవారికి, సాధారణ ప్రజలకు పరిమితులు ఉన్నాయి. రోగికి వైద్య అవసరమే కొలబద్ద. అవసరమైతే పది తీసినా సమర్థనీయమే, అవసరం లేకపోతే ఒక్కటి కూడా ఎక్కువే. మీ ఉత్తరంలో నాకు అభ్యంతరంగా కనిపించింది ప్రమాదం కాదు, రెండో డాక్టర్ గారు పాత పటాలను చూడకపోవడం. పంటి ఎక్స్‌రే రేడియేషన్‌ను తగ్గించే మార్గాల్లో అన్నిటికన్నా చవకైనది, వంద శాతం ఫలితమిచ్చేది ఒక్కటే: ఇప్పటికే ఉన్న పటాన్ని మళ్లీ తీయకపోవడం. ఆర్‌వీజీ పటాలు కంప్యూటర్‌లో ఉంటాయి కనుక మొదటి క్లినిక్ నుంచే వాటిని ఫోన్‌కు పంపించమని అడగండి. తెరను ఫోన్‌తో ఫోటో తీసిన పటం మసకగా ఉంటుంది. అసలు ఫైలే ఇప్పించుకోవాలి. డబ్బు చెల్లించి తీయించుకున్న పటం కాపీ అడగడానికి మొహమాటం అక్కరలేదు. పాత పటంలో పంటి వేరు చివర కనిపించకపోవచ్చు, లేదా తీసి చాలా నెలలై ఉండవచ్చు; అప్పుడు మళ్లీ తీయడం న్యాయమే. ఆ కారణం మీకు చెప్పడం మాత్రం డాక్టర్ గారి బాధ్యత.

ఒకే ఎక్స్‌రేకు రెండు నుంచి పది అని చెప్పాను కదా, ఆ తేడా ఎక్కడిది అన్నదే అసలు విషయం. అమెరికా దంతవైద్య సంఘపు పత్రికలో 2008లో వెలువడిన కొలతలను చూడండి. నోరంతా కవర్ చేస్తూ 18 చిన్న ఎక్స్‌రేలను మూడు విధాలుగా తీసి కొలిచారు. డి రకం పాత ఫిల్ముతో, గుండ్రటి గొట్టంతో తీస్తే మొత్తం 388 మైక్రోసీవర్ట్‌లు. గొట్టం అదే గుండ్రటిది, ఫిల్మును మాత్రం వేగవంతమైన ఎఫ్ రకానికి మారిస్తే 171. అదే ఎఫ్ రకం ఫిల్ముతో గొట్టం మూతిని దీర్ఘచతురస్రంగా మారిస్తే 35. పటాలు అవే, పళ్లు అవే, రేడియేషన్ పదకొండో వంతుకు పడిపోయింది. ఇందులో గొట్టం ఆకారం ఒక్కటే దాదాపు ఐదు రెట్లు తగ్గించింది.

ఎలాగంటే, నోట్లో పెట్టే ఫిల్ము వైశాల్యం సుమారు 12 చదరపు సెంటీమీటర్లు. ఏడు సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి గొట్టం నుంచి వచ్చే కిరణపుంజం దాదాపు 38 చదరపు సెంటీమీటర్ల మేర చెంపపై పడుతుంది. ఒక మడికి నీరు పెట్టబోయి పక్కనున్న రెండు మళ్లు కూడా తడిపినట్టు, పటానికి ఏమాత్రం ఉపయోగపడని కిరణాలు లాలాజల గ్రంథులకూ, కొన్ని కోణాల్లో థైరాయిడ్ గ్రంథికీ తగులుతాయి. దీర్ఘచతురస్రపు గొట్టం ఆ వృథాను కత్తిరిస్తుంది. పాత యంత్రానికి కూడా మూతిలా తగిలించుకునే అమరికలు దొరుకుతాయి. అయినా మన క్లినిక్‌లలో ఎందుకు తక్కువగా కనిపిస్తుందంటే, పుంజం ఇరుకైనప్పుడు గురి ఏమాత్రం తప్పినా పటంలో ఒక అంచు తెల్లగా ఉండిపోతుంది, మళ్లీ తీయవలసి వస్తుంది. సెన్సర్‌ను పట్టి ఉంచే హోల్డర్, దానికి గురి చూపే వలయం వాడితే ఆ ఇబ్బంది పోతుంది. రోగి వేలితో సెన్సర్‌ను అదిమి పట్టుకోమనే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. పటాలు పాడై రెండోసారి తీయవలసి రావడానికి అది పెద్ద కారణం.

పిల్లల కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి, వారి ముందు ఎక్కువ ఆయుష్షు ఉంటుంది కనుక పెద్దలకన్నా వారి విషయంలో మరింత జాగ్రత్త అవసరమే. యంత్రంలో పిల్లలకు వేరే సెట్టింగ్ ఉంటుంది. ఎక్స్‌పోజర్ సమయం తగ్గించి తీయాలి. ఓపీజీ విషయానికి వస్తే, తొమ్మిదేళ్ల వయసులో పాల పళ్లు ఊడుతూ శాశ్వత దంతాలు వస్తుంటాయి కనుక, ఏదైనా పన్ను మొలకే లేదేమో, అడ్డంగా ఇరుక్కుందేమో అన్న అనుమానం ఉంటే దానికి అర్థముంది. ఒక్క పిప్పి పంటి కోసమే అయితే ఆర్‌వీజీయే ఓపీజీ కన్నా స్పష్టంగా చూపిస్తుంది. “ఈ పటంలో ఏం చూడాలనుకుంటున్నారు, అది తెలిస్తే వైద్యం ఏమి మారుతుంది?” అని మర్యాదగా అడగండి. ఆ ప్రశ్నకు చిరాకుపడే డాక్టర్లు ఉంటారు. కారణం ఉన్నవారు చిరాకుపడరు.

ప్రశ్న: గత వేసవిలో అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మనవడిని పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకువెళ్లాం. ఎక్స్‌రే తీస్తూ సీసపు ఏప్రాన్ వేయలేదు. అడిగితే ఇప్పుడు అవసరం లేదన్నారు. ఇక్కడ హైదరాబాద్‌లో నాకు మాత్రం వేశారు. ఎవరిది సరైన పద్ధతి? మా ఆవిడకు థైరాయిడ్ ఉంది, ఆమె గొంతుకు పట్టీ లేకుండా ఎక్స్‌రే తీయించుకోవచ్చా?
– విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ మనవడికి జరిగినదానిలో నిర్లక్ష్యం లేదు. అమెరికా దంతవైద్య సంఘం 2024 ఆరంభంలో తన సిఫార్సులను మార్చి, దంత ఎక్స్‌రేలకు పొట్టపై ఏప్రాన్, గొంతుకు పట్టీ రెండింటినీ మానివేయవచ్చని చెప్పింది. పిల్లలకు, గర్భిణులకు కూడా ఇదే వర్తిస్తుందని స్పష్టం చేసింది. అంతకు ముందు ఏడాదే ఆ దేశపు నోటి రేడియాలజీ నిపుణుల సంఘం ఇదే మాట చెప్పింది. బ్రిటన్‌లోనైతే దంత ఎక్స్‌రేలకు ఏప్రాన్ మామూలుగా అవసరం లేదన్న మార్గదర్శకాలు 2001 నాటికే ఉన్నాయి.

కారణం ఏమిటంటే, దవడ వైపు గురిపెట్టిన సన్నని పుంజం నేరుగా పొట్ట వైపు వెళ్లదు. పొట్ట దాకా చేరే అతి స్వల్పమైన రేడియేషన్‌లో ఎక్కువ భాగం తల, మెడ కణజాలంలో చెదిరి శరీరం లోపలి నుంచే వస్తుంది. బయట కప్పిన సీసం దాన్ని ఆపలేదు. గొంతు పట్టీతో ఇంకొక చిక్కు ఉంది. ఓపీజీ యంత్రం తల చుట్టూ తిరుగుతూ మెడ వెనుక నుంచి, కొంత కిందినుంచి కిరణాలు పంపుతుంది. దారిలో పట్టీ అడ్డుపడితే ముందు పళ్ల మీద తెల్లని నీడ పడి పటం పనికిరాకుండా పోతుంది. రక్షణ కోసం వేసినది రెండో ఎక్స్‌రేకు దారితీస్తుందన్నమాట.

అయితే అమెరికా సంఘం ఈ సిఫార్సును ఒంటరిగా చేయలేదు, పుంజాన్ని దీర్ఘచతురస్రంగా కుదించడం, డిజిటల్ సెన్సర్లు వాడటం అన్నవాటితో కలిపి చేసింది. మన దగ్గర చాలాచోట్ల గొట్టం ఇంకా గుండ్రటిదే. పై ముందు పళ్లకు తీసేటప్పుడు గొట్టం పైనుంచి కిందికి వాలి ఉంటుంది కనుక వెడల్పాటి పుంజంలో థైరాయిడ్ పడే వీలుంది. గొట్టం మార్చని క్లినిక్‌లో, చిన్న ఎక్స్‌రేల వరకు, ముఖ్యంగా పిల్లలకు, గొంతు పట్టీ వేస్తే నేను తప్పుపట్టను. కానీ మెరిసే ఏప్రాన్ వేసి, ఆ వెంటనే పాత ఫిల్ముతో, గుండ్రటి గొట్టంతో మూడుసార్లు తీసే చోటును జాగ్రత్తగల క్లినిక్ అని మాత్రం అనుకోవద్దు. ఏప్రాన్ కంటికి కనిపిస్తుంది కనుక దానికి ఎక్కువ మార్కులు పడుతున్నాయి.

మీ భార్యకు ఉన్నది మన ఇళ్లలో సాధారణంగా కనిపించే హైపోథైరాయిడిజం అయితే, అంటే ఉదయం పూట మాత్ర వేసుకుంటూ ఉంటే, పంటి ఎక్స్‌రే వల్ల ఆ జబ్బు ముదరదు, మాత్ర మోతాదు మారదు. ఎక్స్‌రే మానవలసిన పని లేదు. పట్టీ వేస్తే మనసు కుదుటపడుతుందంటే చిన్న ఎక్స్‌రేలకు అడిగి వేయించుకోవచ్చు, ఓపీజీకి మాత్రం వద్దు.

ప్రశ్న: నాకు అయిదో నెల. కింది దవడ వాచి, రాత్రిళ్లు నిద్ర లేదు. రూట్ కెనాల్ చేయాలి, ఎక్స్‌రే కావాలి అంటున్నారు. మా అత్తగారు కాన్పు అయ్యేదాకా వద్దంటున్నారు.
– ఒక సోదరి, వరంగల్

జవాబు: అమ్మా, మీ అత్తగారి జాగ్రత్త అర్థమవుతుంది గానీ, ఇక్కడ బిడ్డకు హాని చేయగలిగింది ఎక్స్‌రే కాదు, ఆ వాపు. గర్భస్థ శిశువుకు హాని కలగడానికి కనీసం 50 మిల్లీగ్రేల (శరీరం గ్రహించిన రేడియేషన్‌కు కొలమానం) స్థాయిలో రేడియేషన్ అందాలన్నది వైద్యుల అంచనా. ఒక పంటి ఎక్స్‌రే వల్ల బిడ్డకు చేరేది ఒక మిల్లీగ్రేలో నూరో వంతుకన్నా తక్కువ. అంటే ఐదువేల రెట్ల తేడా. అమెరికా ప్రసూతి వైద్యుల వృత్తి సంఘం కూడా గర్భిణులకు అవసరమైన దంత ఎక్స్‌రేలు సురక్షితమేనని చెబుతోంది. ఇన్‌ఫెక్షన్‌ను నాలుగు నెలలు అలాగే వదిలేస్తే జ్వరం రావచ్చు, వాపు మెడలోకి దిగవచ్చు, నొప్పి మాత్రలు ఎడాపెడా వేసుకోవలసి రావచ్చు.

నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం దంతవైద్యానికి అనువైనది కూడా. రూట్ కెనాల్‌లో సాధారణంగా మొదట ఒకటి, మధ్యలో ఒకటి రెండు, చివర ఒకటి ఎక్స్‌రేలు తీస్తారు. వేరు పొడవును విద్యుత్ సంకేతంతో కొలిచే అపెక్స్ లొకేటర్ అనే పరికరం ఉన్న చోట మధ్యలోవి తగ్గుతాయి. అది ఉందేమో అడగండి. చేయించుకునే ముందు మీ గైనకాలజిస్ట్‌కు చెప్పండి, దంతవైద్యులకు ఎన్నో నెలో చెప్పండి, వారిని అడగకుండా ఏ మందూ వేసుకోకండి. ఏప్రాన్ వేయమని అత్తగారు పట్టుబడితే వేయించుకోండి, నష్టం లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి రెండు ఇంప్లాంట్లు వేయాలంటూ సీబీసీటీ (దవడలను మూడు కోణాల్లో చూపే స్కాన్) రాశారు. పదహారేళ్ల చెల్లెలికి క్లిప్పులు వేయడానికి కూడా అదే రాశారు. ఇద్దరికీ అవసరమా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: నాన్నగారికి అవసరమే. ఇంప్లాంట్ వేసే చోట ఎముక ఎత్తు, వెడల్పు ఎంతో, కింది దవడలో నరం వెళ్లే నాళం ఎంత దూరంలో ఉందో, పై దవడలో సైనస్ ఎక్కడుందో మూడు కోణాల్లో తెలియకుండా మర వేయడం మంచిది కాదు. ఓపీజీలో ఎముక వెడల్పు కనిపించదు.

చెల్లెలి విషయంలో నాకు సందేహం. క్లిప్పులకు సాధారణంగా ఓపీజీ, పక్కనుంచి తలను తీసే సెఫలోగ్రామ్, నోటి అచ్చులు లేదా స్కాన్, ఫోటోలు సరిపోతాయి. పన్ను ఎముకలో ఇరుక్కుని పక్క పంటి వేరును తింటోందన్న అనుమానం, గ్రహణం మొర్రి, దవడ శస్త్రచికిత్స వంటి కారణాలుంటే సీబీసీటీ తీయాలి. క్లిప్పులు వేసే ప్రతివారికీ అలవాటుగా తీయకూడదని యూరప్‌లో 2012లో వెలువడిన మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి. స్కాన్ సెంటర్లకు, రాసేవారికి మధ్య ఉండే లెక్కల గురించి ఇక్కడ రాయను. కారణం అడగడం మీ హక్కు అని మాత్రం రాస్తాను.

సీబీసీటీ అంటే ఒకటే మోతాదు కాదు. యంత్రాన్ని, స్కాన్ చేసే భాగం పరిమాణాన్ని బట్టి పదుల మైక్రోసీవర్ట్‌ల నుంచి వెయ్యి దాకా మారుతుంది. ఆసుపత్రిలో తలకు తీసే మామూలు సీటీకి అయ్యే సుమారు 2,000తో పోలిస్తే ఇది తక్కువే, కానీ ఆర్‌వీజీతో పోలిస్తే ఎన్నో రెట్లు. నాన్నగారికి ఇంప్లాంట్లు రెండూ ఒకే పక్క అయితే ఆ భాగం వరకే చిన్న స్కాన్ చేయమని చీటీలో రాయించండి. ముఖమంతా స్కాన్ చేస్తే డాక్టర్ గారు చూడని భాగానికి కూడా రేడియేషన్ తగులుతుంది, ఆ భాగాన్ని నిపుణులెవరూ చదవకపోతే ప్రయోజనమూ ఉండదు.

ప్రశ్న: ఎక్స్‌రే తీయించుకున్న రోజు కొబ్బరినీళ్లు, మజ్జిగ తాగితే రేడియేషన్ బయటికి పోతుందా?
– కరీంనగర్

జవాబు: పోవడానికి లోపల ఏమీ మిగలదు. బటన్ వదలగానే కిరణాలు ఆగిపోతాయి. శరీరంలో గానీ గదిలో గానీ నిలవ ఉండవు. దాహమైతే తాగండి.

ప్రశ్న: నేను డెంటల్ క్లినిక్‌లో అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. పిల్లలు కదులుతుంటే సెన్సర్‌ను నేనే వేలితో పట్టుకుంటాను. చేతిలో పట్టుకుని తీసే చిన్న ఎక్స్‌రే యంత్రం కూడా ఈమధ్య కొన్నారు. నాకు ఏమైనా అవుతుందా?
– గుంటూరు

జవాబు: ఈ వారం వచ్చిన ఉత్తరాలలో నన్ను నిజంగా కలవరపెట్టింది మీదే. రోగికి ఏడాదికి ఒకటి రెండు ఎక్స్‌రేలు. మీరు రోజూ పట్టుకుంటే మీ వేళ్లు నేరుగా పుంజంలోనే ఉంటాయి. అమెరికాలో పంటి ఎక్స్‌రేలను మొదట తీసినవారిలో ఒకరైన న్యూ ఆర్లీన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ ఇలాగే చేత్తో పట్టుకుని తీసి, మొదట వేళ్లు, తర్వాత చెయ్యి పోగొట్టుకుని, 1928లో ప్రాణాలు తీసుకున్నారు. ఆ కాలపు ఎక్స్‌పోజర్లు నిమిషాల పాటు సాగేవి, ఇప్పుడు సెకనులో చిన్న భాగమే కనుక మీకు ఆ గతి పట్టదు. అయినా ఈ అలవాటును రేపటి నుంచే మానేయండి. సెన్సర్‌కు హోల్డర్ వాడాలి. కదిలే పిల్లవాడిని పట్టుకోక తప్పకపోతే తల్లో తండ్రో ఏప్రాన్ వేసుకుని, చేతులు పుంజంలో పడకుండా పట్టుకోవాలి. గర్భంతో ఉన్న తల్లి పట్టుకోకూడదు.

బటన్ నొక్కేటప్పుడు గోడ వెనుకనో, సీసపు తెర వెనుకనో ఉండండి. ఆ వీలు లేకపోతే రోగికి కనీసం రెండు మీటర్ల దూరంలో, గొట్టం గురిపెట్టిన దిశకు ఎదురుగా కాకుండా పక్కగా కాస్త వెనక్కి నిలబడండి. దూరం రెట్టింపైతే మీకు తగిలేది నాలుగో వంతుకు తగ్గుతుంది.

చేతి యంత్రాన్ని ఈ దూరం పాటిస్తూ వాడలేం కదా, అందుకే దాని గొట్టం మూతి దగ్గర వెనక్కి చెదిరే కిరణాలను ఆపే పారదర్శకమైన వలయం ఉండాలి. ఆ వలయాన్ని రోగి ముఖానికి వీలైనంత దగ్గరగా ఉంచి, యంత్రాన్ని నేలకు సమాంతరంగా పట్టుకుంటేనే ఆ వలయపు రక్షణ మీకు అందుతుంది. రక్షణ పరీక్షలు లేని చవక యంత్రాలు ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నాయని 2012లోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మన దేశంలో ఎక్స్‌రే యంత్రం ఏదైనా 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదించిన నమూనా అయి ఉండాలి. క్లినిక్ ఆ మండలి ఈ-లోరా పోర్టల్‌లో అనుమతి తీసుకోవాలి. మీ యంత్రం ఆ జాబితాలో ఉందో లేదో యజమానిని అడగండి. మంచం మీద నుంచి లేవలేని రోగి ఇంటికి, వైద్య శిబిరానికి చేతి యంత్రం ఉపయోగమే. కుర్చీ పక్కన గోడ యంత్రం ఉన్న క్లినిక్‌లో దాన్ని రోజువారీగా వాడటానికి కారణం నాకు కనిపించదు.

వృత్తిరీత్యా రేడియేషన్‌తో పనిచేసేవారికి మండలి పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించరాదు. పద్ధతిగా నడిచే దంత క్లినిక్‌లో సిబ్బందికి అందేది దానికి చాలా దిగువనే ఉంటుంది. మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి మీకు ఇస్తే ఛాతీ దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టుకోండి; పని అయ్యాక ఎక్స్‌రే గదిలోనే కొక్కేనికి తగిలించి వెళ్లకండి, మీరు ఇంటికి వెళ్లాక కూడా అది లెక్క రాస్తూనే ఉంటుంది. మూడు నెలలకొకసారి వచ్చే నివేదికలో మీ పేరు ఎదురుగా ఉన్న సంఖ్యను మీరే చూసి రాసిపెట్టుకోండి.